కూర్చున్నావా, చిన్నమ్మాయ్?

వంకాయలు తరిగి ఉప్పునీళ్ళలో వేస్తుంటే మా బావగారి అబ్బాయి ఫోన్ చేశాడు.

"పిన్నీ, బొమ్మల షెడ్డు దగ్గరికి ఒకసారి రాగలవా? అమ్మ బొమ్మ మట్టిలో అయిపోయింది. రేపు పొద్దున్నే అచ్చు తీస్తారంట. ఆ తర్వాత ఇంక మార్చడానికి ఉండదంట. నాన్న చూశాడు, నేను చూశాను, చెల్లికి వీడియోలో చూపించాను. ఎవరికీ అమ్మలా అనిపించట్లేదు. తేడా ఏంటో ఎవరమూ చెప్పలేకపోతున్నాం."

"నేను మాత్రం ఏం చెప్తాన్రా?"

"నీకు అన్నీ గుర్తుంటాయిగా పిన్నీ."

ఆ మాట మా ఇంట్లో అందరూ అంటారు. ఎవరి పెళ్ళిలో ఎవరు ఏ చీర కట్టుకున్నారు, ఎవరి బారసాలలో ఎవరు అలిగి భోంచెయ్యకుండా వెళ్ళిపోయారు, అన్నీ నన్నే అడుగుతారు. నేను చదివింది ఐదో తరగతి. రాసిపెట్టుకునే అలవాటు లేదు కాబట్టి అన్నీ బుర్రలోనే పెట్టుకుంటాను. వంకాయల గిన్నె మీద మూత పెట్టి, చీర మార్చుకుని, ఆటో ఎక్కాను.

వాడికి అమ్మ, నాకు తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడది బాపట్ల, నాది రేపల్లె. ఇద్దరం వచ్చి పడింది తెనాల్లో, ఒకే ఇంట్లో. కింద వాటా వాళ్ళది, పై వాటా మాది. ఆ మరుసటి నెలలో ఆవిడ సంవత్సరీకం. ఆ రోజుకి హాల్లో పెట్టాలని మా బావగారు ఆవిడ బొమ్మ చేయిస్తున్నారు, నడుము నుంచి పైకి.

మా ఊళ్ళో బొమ్మలు చేసే షెడ్లు రోడ్డు పక్కనే ఉంటాయి. ఆటో దిగేసరికి గోనెపట్టాలు కప్పుకుని నాయకులంతా వరసగా నిలబడి ఉన్నారు. కొందరికి తలలు ఇంకా రాలేదు. ఒకాయన చెయ్యి ముందుకి చాపి, వేలుతో రోడ్డు అవతలికి చూపిస్తున్నాడు. నాకు కాళ్ళు ఆగిపోయాయి. ఈ షెడ్డుకి నన్ను మొదటిసారి తీసుకొచ్చింది అక్కే, తన సైకిల్ మీద. అప్పుడూ ఇలాగే వేలు చాపిన బొమ్మ ఒకటి ఉంది. దాని ముందు సైకిల్ ఆపి, ఒక కాలు నేలకి ఆనించి, పైనుంచి కిందిదాకా పరీక్షగా చూసింది.

"వీళ్ళంతా వేలు చూపిస్తారేంటే? ఎటు చూపిస్తున్నాడో చూడు," అంది.

తిరిగి చూస్తే ఆ వేలు చూపించేచోట బజ్జీల బండి ఉంది.

"పెద్దాయన చెప్పాక వినకపోతే ఎట్లా? దిగు," అంది.

ఆ సైకిల్ నిజానికి వాళ్ళమ్మాయి స్కూలుకని కొన్నది. ఆకుపచ్చ రంగు, ముందు తీగబుట్ట. ఆ పిల్ల ఆటోలోనే పోతానని మారాం చేస్తే, ఊరికే పడి ఉండటం ఎందుకని ఈవిడ ఎక్కింది. బాపట్లలో చిన్నప్పుడు వాళ్ళ నాన్న సైకిల్ తీసుకుని, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కి నేర్చుకుందట. పెళ్ళయ్యాక మానేసింది. మళ్ళీ ఎక్కేనాటికి ఇద్దరు పిల్లల తల్లి. మొదటిరోజు వీధి చివరిదాకా పోయి వచ్చి, అరుగు మీద నిలబడ్డ నాతో, "ఒక్కదాన్నే అయితే ఎవరితో చెప్పుకోనే? ఎక్కు," అంది. అంతే. ఆ రోజు ఎక్కినదాన్ని ఇంక మానలేదు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి, మగవాళ్ళు ఇంకా పడకల మీదే ఉండగా, కుచ్చిళ్ళు కాస్త పైకి దోపి, కొంగు నడుం చుట్టూ బిగించి, కిందనుంచి కేకేసేది.

"చిన్నమ్మాయ్, బండి కదుల్తోంది!"

మా అత్తగారు వరండాలో మంచం మీదనుంచి, "బయల్దేరిందా ఊరేగింపు?" అనేవారు.

"అవునత్తయ్యా. ఊరు చూసొస్తాం."

"ఉన్న ఊరు చూసేదేంటే? నిన్నటికీ ఇవాళ్టికీ ఏమన్నా మారిపోయిందా?"

"మారిందో లేదో వచ్చి చెప్తాం. జిలేబీ తేవాలా, వద్దా?"

అత్తగారు కాసేపు గోడవైపు చూసేవారు. "వేడిగా ఉంటేనే తీసుకురండి," అనేవారు. తర్వాత తర్వాత, మేం రావడం ఆలస్యమైతే ఆవిడే గేటు దగ్గర నిలబడేవారు.

సైకిల్ ఎంత మెల్లగా తొక్కేదంటే, నడిచేవాళ్ళు మమ్మల్ని దాటుకుని పోయేవాళ్ళు. ఒకసారి కాలవ గట్టు మీద ఒక గేదె కూడా మమ్మల్ని దాటింది. ఎవరో కుర్రాడు, "అక్కా, దిగి నడిస్తే తొందరగా పోతారు," అని వెక్కిరిస్తే, "తొందరుంటే ఆటో ఎక్కేవాళ్ళంగా తమ్ముడూ. నువ్వు పో, నీకు పనున్నట్టుంది," అంది. గంట ఉన్నా కొట్టేది కాదు. ఎవరైనా అడ్డం వస్తే, "అన్నయ్యా, కాస్త," అనేది. ఆ అన్నయ్య తప్పుకుని, తప్పుకున్నందుకు తనే నవ్వేవాడు.

ఆవిడకి ఒక నియమం ఉండేది. తిన్న తర్వాత ఏదో ఒకటి చూడాలి, చూసిన తర్వాత ఏదో ఒకటి తినాలి. "ఊరికే తింటే తిండిపోతులం అంటారు. ఊరికే చూస్తే పనిలేనివాళ్ళం అంటారు. రెండూ చేశామనుకో, ఏమనాలో వాళ్ళకి తోచదు," అనేది. అందుకని పుణుగులు తిన్నాక వైకుంఠపురం గుడిలో కూర్చునేవాళ్ళం. గుడినుంచి వస్తూ నిమ్మసోడా. సోడా అయ్యాక కొత్తపేటలో ఒక మేడ కింద నిలబడి, పైన నాటకాల వాళ్ళు చేసుకునే రిహార్సల్ వినడం. అక్కడ పద్యం పాడే ఆయన ఒకరోజు టీకి కిందకి దిగితే పట్టుకుంది.

"నాయనా, ఆ మూడో పద్యం చివర ఊపిరి అంతసేపు బిగబడుతున్నావు. నీకేమన్నా అవుతుందేమోనని మా చిన్నమ్మాయి భయపడుతోంది."

"అది రాగం అమ్మా."

"రాగమైతే సరే. ఇంకాసిన్ని బజ్జీలు తిని పాడు."

ఆయన నవ్వీ నవ్వీ టీ ఒలకబోసుకున్నాడు. ఆ తర్వాత ఆ పద్యం వచ్చినప్పుడల్లా పైనుంచి కిటికీలోకి వచ్చి, మమ్మల్ని చూసి మరీ పాడేవాడు.

నిమ్మకాయల మార్కెట్టు మూసి ఉన్నా ఆ చుట్టుపక్కలంతా వాసన ఉంటుంది. అక్కడికి రాగానే తొక్కడం మానేసి, సైకిల్ దానంతటది పోయినంతదూరం పోనిచ్చేది. "పీల్చుకోవే, బాగా పీల్చుకో," అనేది. ఇద్దరం మాట్లాడకుండా ముక్కులు ఎగబీలుస్తూ పోయేవాళ్ళం. చూసినవాళ్ళు జలుబు చేసిందనుకునేవాళ్ళేమో.

తినేటప్పుడు కళ్ళు సగం మూసేది. బజ్జీ ఒక్కటి కొరికి, నా చెవి దగ్గరికి వచ్చి, "ఇవాళ ఇంట్లో గొడవపడి వచ్చాడే. ఉప్పు చెయ్యి జారింది," అనేది. తర్వాత ఆ బండాయన్ని, "ఇంట్లో అంతా బాగున్నారా అన్నయ్యా?" అని అడిగేది. ఆయన గరిటె ఆపి ఈవిడ మొహంలోకి చూసి, "ఏం బాగులేమ్మా..." అని మొదలుపెట్టేవాడు. అయిపోయిందంతే. వాళ్ళ బామ్మర్ది దగ్గరనుంచి పక్కింటి కుక్క దాకా అన్నీ వినేదాకా అక్కడనుంచి కదలం. ఎక్కువైన ఉప్పు గురించి మాత్రం ఒక్క మాట అనేది కాదు.

మాటల్లో పడితే ఆవిడకి లోకం పట్టదు. ఒకసారి జిలేబీ కొట్టు దగ్గర నేను చెయ్యి కడుక్కుంటున్నాను. ఎక్కాననుకుని తొక్కుకుంటూ వెళ్ళిపోయింది. ఏదో రాణిగారి కథ చెప్పుకుంటూ, ఒక చెయ్యి తిప్పుకుంటూ, వీధి మలుపు దాకా పోయింది. నేను తడిచేతుల్తో అట్లాగే నిలబడ్డాను. కాసేపటికి వెనక్కి వస్తూ కనపడింది. దూరంనుంచే తిట్లు.

"ఏమే, వెనక లేవని చెప్పవేం? రాణిగారి కథంతా గాలికి చెప్పాను!"

"లేనిదాన్ని ఎట్లా చెప్తానక్కా, లేనని?"

ఆ కొట్టాయనా, మేమిద్దరమూ పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆ రోజునుంచి అడగకుండా పెడలు మీద కాలు వేసేది కాదు. "కూర్చున్నావా, చిన్నమ్మాయ్?" అనేది. "కూర్చున్నానక్కా," అని నేననేదాకా ఆగేది. ఆపబోయే ముందు మాత్రం, "దిగు," అని ఒక్క మాటే.

ఈ బొమ్మల షెడ్డు మా దారిలో మామూలు మజిలీ. ఒకసారి అక్కడి శిల్పినే అడిగింది.

"ఎంతసేపూ మగాళ్ళేనా? మాలాంటి ఆడవాళ్ళ బొమ్మలు చెయ్యరా నాయనా?"

"ఆర్డరిస్తే చేస్తామమ్మా."

"గుర్రాల మీద వాళ్ళని చేస్తున్నారుగా. సైకిల్ మీద చెయ్యండి. ఇద్దరం ఎప్పుడంటే అప్పుడు వచ్చి నిలబడతాం."

ఆయన అప్పటికి నల్లజుట్టు మనిషి. ఇప్పుడు తల నెరిసింది. నన్ను ఆనవాలు పట్టాడు. "ఆ సైకిలమ్మే ఈవిడని ఫోటో చూస్తే తెలియలేదండి. అబ్బాయిగారు చెప్పాకే తెలిసింది," అన్నాడు నెమ్మదిగా. తడిగుడ్డ తీసి బొమ్మ చూపించాడు.

ముక్కు అక్కదే. కళ్ళు అక్కవే. పైపెదవి మీద చిన్న గాటు, చిన్నప్పుడు సైకిల్ మీదనుంచి పడి తగిలింది, అదీ ఉంది. పట్టుచీర అంచు మడతలతో సహా దిద్దాడు. దేనికదే చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అన్నీ కలిపి చూస్తే ఎవరో పెద్దింటావిడ, మనతో పనిలేనట్టు ఎదురుగా గోడని చూస్తోంది.

ఫోటో పక్కనే అతికించి ఉంది. వాళ్ళమ్మాయి పెళ్ళిలో తీసింది. "తల నిటారుగా పెట్టండి ఆంటీ, కదలకండి," అని ఫోటో అబ్బాయి రెండుమూడుసార్లు చెప్పడం నాకు గుర్తే.

"చెప్పండమ్మా," అన్నాడు శిల్పి. "ఒకరొచ్చి బుగ్గలు పెంచమన్నారు, పెంచాను. ఇంకొకరొచ్చి తగ్గించమన్నారు, తగ్గించాను. మట్టి తడిగా ఉండగా మీరు ఏం చెప్పినా చేస్తాను. రేపు అచ్చు తీసేశాక నా చేతుల్లో ఉండదు."

మా బావగారు షెడ్డు మూల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. బొమ్మవైపు చూడటం లేదు. "ఫోటో ఇచ్చాక ఇంకా ఏం కావాలయ్యా మీకు? మళ్ళీ మనిషిని తెచ్చి కూర్చోబెట్టమంటారా?" అన్నారు. వాళ్ళబ్బాయి నావైపు చూశాడు. పిన్ని చెప్తుందన్న నమ్మకం వాడి మొహంలో.

నేను కళ్ళు మూసుకున్నాను. అక్క మొహం తలుచుకుందామని. అది రాలేదు.

చెప్తే ఎవరూ నమ్మరు. అన్నేళ్ళు ఒక ఇంట్లో ఉన్నాం. ఎవరెవరి మొహాలో వచ్చాయి. ఆ బజ్జీలాయన మొహం, పద్యం పాడే ఆయన మొహం, మా అత్తగారి మొహం. అక్కది ఎంత తలుచుకున్నా ఆ ఫోటోయే వస్తోంది, నిటారుగా. లోపల భయం వేసింది. నాకే గుర్తు లేకపోతే ఇంక ఎవరికి గుర్తుంటుంది? రేపు పొద్దున అచ్చు తీస్తారు. ఆ ఎవరో పెద్దింటావిడ మా హాల్లోకి వచ్చి కూర్చుంటుంది. రోజూ దణ్ణం పెట్టుకోవాలి, ఆవిడ అక్కని మరిపించేదాకా.

కళ్ళు తెరవకుండానే ఊరికే సైకిల్ తలుచుకున్నాను. అప్పుడు వచ్చింది. మొహం కాదు, వీపు.

నేను ఆవిడని చూసిందంతా వెనకనుంచే కదా! జుట్టు ఎత్తి ముడేస్తే మెడ మీద మిగిలిపోయే పొట్టి వెంట్రుకలు. ముడికి కాస్త కింద, కుడిపక్కకి, మినపగింజంత పుట్టుమచ్చ. జాకెట్టు అంచుదాకా ఎండకి కమిలిన రంగు, అంచు కింద అసలు రంగు. ఎత్తు ఎక్కేటప్పుడు కుడి భుజం కొద్దిగా పైకి లేచేది. ఇవన్నీ నాకు నా అరచేతికంటే బాగా తెలుసు.

కళ్ళు తెరిచి బొమ్మ వెనక్కి వెళ్ళాను. అక్కడ ఏమీ లేదు. వేళ్ళ గుర్తులతో మట్టిముద్ద.

"వెనకవైపు ఎవరు చూస్తారమ్మా," అన్నాడు శిల్పి. "గోడకి ఆనించి పెడతారు కదా."

"నేను చూశాను," అన్నాను.

ఆయన చేతులు తడుపుకుని వచ్చాడు. నేను చెప్పుకుంటూ పోయాను, ఆయన దిద్దుకుంటూ పోయాడు. ముడి ఇంకా కిందకి. ఇంత బిగువు వద్దు, సాయంత్రానికి వదులైపోయేది. మచ్చ ఇక్కడ. కాదు, ఇంకొంచెం ఇటు. చిన్న మట్టి గింజ తెచ్చి అంటించాడు. అంతే, ఆ మెడ అక్క మెడయింది. నాకు చెయ్యి వేద్దామనిపించి, మళ్ళీ చెరిగిపోతుందని ఊరుకున్నాను.

ఆ మెడ చూస్తుంటే రేపల్లె గుర్తొచ్చింది.

మా చుట్టాల గృహప్రవేశానికి ఇద్దరం పాసింజరు రైల్లో వెళ్ళాం. భోజనాలు తొందరగా అయిపోయాయి. తిరుగు రైలు సాయంత్రానికి. "పద, మీ ఊరు చూపించు," అంది అక్క.

"నాకు తెలీదక్కా."

"పుట్టిపెరిగిన ఊరేగా?"

"మా ఇల్లు తెలుసు, బడి తెలుసు. ఐదో తరగతి తర్వాత బయటికి పంపించలేదు."

అక్క నా చెయ్యి పట్టుకుని స్టేషను దగ్గర సైకిల్ షాపుకి లాక్కుపోయింది. ఆయనేమో ఆడవాళ్ళకి సైకిల్ అద్దెకి ఇవ్వం అన్నాడు. "తిరిగి రాకపోతే ఎక్కడని వెతకనండి?"

"ఈవిడ ఈ ఊరి ఆడపడుచు అన్నయ్యా. సొంత ఊరు చూసుకుంటానంటే కాదంటారా?"

ఆయన కాసేపు నన్ను చూసి, లోపలికి వెళ్ళి వాళ్ళమ్మాయి సైకిల్ తెచ్చి ఇచ్చాడు.

నాకు చిన్నప్పటినుంచి ఒకటి మిగిలిపోయింది. సాయంత్రం పూట మా డాబా మీద బట్టలు తీస్తుంటే ఎక్కడినుంచో హార్మోనియం వినిపించేది. ఎవరు వాయిస్తారో తెలీదు. ఎప్పుడో ఏదో మాటల్లో అక్కకి చెప్పి నేనే మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదు. మా పాత వీధినుంచి మొదలుపెట్టి ప్రతి అరుగు దగ్గరా కాలు ఆనించి అడిగింది. "ఇక్కడ హార్మోనియం వాయించే వారెవరండీ, పాత రోజుల్లో?" నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. నాలుగైదు వీధుల అవతల ఒక ముసలావిడ దొరికింది. వాళ్ళ మామగారట. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పెట్టె మాత్రం ఉందని, దుప్పటి విప్పి చూపించింది.

"ఒక్కసారి మా అమ్మాయిని నొక్కనిస్తారా అండి?" అని అక్క అడిగింది.

తనే వంగి గాలి కొట్టింది. నేను ఒక్క మెట్టు నొక్కాను. అదే గొంతు. అప్పుడు ఏడ్చాను, అక్కడే, ఎవరో తెలియనివాళ్ళ ఇంట్లో. ముసలావిడ మజ్జిగ ఇచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు అక్క దారంతా మాట్లాడలేదు. నేను ఆ మచ్చనే చూస్తూ కూర్చున్నాను. స్టేషను కనపడ్డాక, "చూశావుగా మీ ఊరు. దిగు," అంది.

అట్లాంటి మనిషికి తిండి సయించని జబ్బు వచ్చింది. పొట్టలో. గుంటూరు తీసుకెళ్ళారు, తీసుకొచ్చేశారు. తాలింపు వాసనకి కూడా కడుపులో తిప్పేది. రెండు వాటాల్లోనూ తాలింపులు మానేశాం. చెంచాతో బార్లీనీళ్ళు పోస్తే అది కూడా నిలిచేది కాదు. నొప్పికి ఎప్పుడూ కుడిపక్కకి తిరిగి, గోడవైపు మొహం పెట్టి పడుకునేది. నేను వెనక కూర్చుని వీపు రాసేదాన్ని.

ఒక మధ్యాహ్నం, "ఇవాళ ఆదివారమా?" అంది.

"అవునక్కా."

"మరి ఇంట్లో ఏం చేస్తున్నామే? కూర్చున్నావా?"

"ఇక్కడే మంచం మీద కూర్చున్నానక్కా."

"అది కాదే. కూర్చున్నావా, చిన్నమ్మాయ్?"

నాకు అప్పుడు తెలిసింది. "కూర్చున్నానక్కా," అన్నాను.

"అయితే పద. ఎక్కడున్నామో నువ్వు చెప్తూ ఉండు. నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి."

చెప్పాను. మన వీధి దాటాం. కాలవ వంతెన ఎక్కుతున్నాం. నీళ్ళు బాగా వదిలారు. నిమ్మకాయల మార్కెట్టు. అక్క ముక్కు ఎగబీల్చింది, నిజంగానే. బొమ్మల షెడ్డు దాటాం. బజ్జీల బండి వచ్చిందక్కా.

"ఉప్పెట్లా ఉంది?"

"సరిపోయింది."

"అయితే ఇంట్లో బాగానే ఉన్నారన్నమాట," అంది. వీపు కదిలింది. నవ్విందని ఆ కదలికతోనే తెలుసుకున్నాను. మా అత్తగారు పోయి ఎన్నో ఏళ్ళయినా జిలేబీ కట్టించమంది. ఇంటిదాకా వచ్చాక, "దిగు," అంది.

ఆ తర్వాత వారంతో పనిలేకుండా రోజూ మధ్యాహ్నం అదే. నేను చెప్పడం, ఆవిడ వినడం. ఒకరోజు మాత్రం, "ఇవాళ బాపట్ల పోదామే," అంది.

"ఆ వీధులు నాకు రావక్కా."

"నాకొచ్చుగా. నువ్వు ఊరికే కూర్చో. కూర్చున్నావా?"

"కూర్చున్నానక్కా."

మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ చెప్పింది. రైలు గేటు వేశారు, ఆగుదాం. అదుగో భావనారాయణస్వామి గుడి. గోపురం మీద పావురాళ్ళున్నాయా? ఉన్నాయక్కా అన్నాను. ఇంక సముద్రం రోడ్డు. ఎదురుగాలి.

"ఆపుదామా అక్కా, అలిసిపోతావు."

"ఎందుకూ? తొక్కుతా. నువ్వు నన్ను పట్టుకో."

నడుం మీద చెయ్యి వేశాను. ఎముకలు తగిలాయి. "ఇసక తగుల్తోందే," అంది. అంతే. నిద్రపోయిందనుకున్నాను. నిద్రే. అందులోంచి లేవలేదు. మర్నాడు తెల్లవారేసరికి ప్రాణం పోయింది. ఆ రోజు నన్ను దిగు అనలేదు.

షెడ్డులో ఆ బొమ్మ వెనక నిలబడి ఇదంతా అనుకుంటుంటే, అక్క మంచం మీద ఉన్న తీరు కళ్ళకి కట్టింది. గోడవైపు తిరిగి పడుకున్నా తల మాత్రం నావైపు కాస్త వెనక్కి వాల్చి ఉంచేది. ఎడమచెవి నాకు. సైకిల్ మీద కూడా అంతే. నేను రెండు కాళ్ళూ ఎడమపక్కకి వేసి కూర్చునేదాన్ని. నా మాట అటునుంచే వచ్చేది. అందుకని ఆవిడ తల ఎప్పుడూ ఎడమకి కొంచెం తిరిగి, వెనక్కి వాలి ఉండేది. నడిచేటప్పుడూ, వంట చేసేటప్పుడూ అట్లాగే ఉండిపోయింది.

"తల నిటారుగా ఉంది నాయనా," అన్నాను. "అదీ తేడా. ఎడమచెవి వెనక్కి రావాలి. వెనక ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు."

శిల్పి సన్నతీగ తీసుకుని మెడ కింద కోశాడు. నేను మొహం తిప్పుకున్నాను. తలని రెండు చేతులతో పట్టుకుని, పసిపిల్ల తల తిప్పినట్టు తిప్పి, కాస్త వెనక్కి వాల్చి, సందుల్లో మట్టి నింపాడు. కళ్ళూ పెదవులూ ముట్టుకోలేదు.

నేను వెనకే ఉన్నాను. ముందు ఎట్లా ఉందో నాకు తెలీదు. వాళ్ళబ్బాయి "అమ్మా" అన్నాడు, అంతే. మా బావగారు కుర్చీలోంచి లేచి వచ్చారు. బొమ్మ ఎదురుగా నిలబడ్డారు.

"నాతో మాట్లాడేటప్పుడు ఇట్లా ఉండేది కాదు," అన్నారు. "మీరూ రండి అని ఎన్నిసార్లు అడిగింది. నన్ను లాగలేవులే అని పడుకునేవాణ్ణి."

రోడ్డు మీద బస్సులు పోతున్నాయి.

తర్వాత ఆయన కళ్ళు తుడుచుకుని, కొడుకుతో అన్నారు. "దిమ్మె గోడకి ఆనించి కట్టించకు. వెనక చోటుండాలి, మనిషి కూర్చునేంత."

సంవత్సరీకం నాడు అందరూ వచ్చారు. ఎదురుగా నిలబడి దండలు వేశారు, దణ్ణాలు పెట్టారు, అచ్చు ఆవిడే అన్నారు. అందరూ వెళ్ళాక, అంట్లన్నీ సర్దాక, నేను వంటింట్లో పీట తెచ్చి దిమ్మె వెనక వేసుకున్నాను. ఎడమపక్కకి కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. కళ్ళ ముందు ముడి, మెడ, మచ్చ.

అక్క అడగలేదు. అయినా చెప్పాను.

"కూర్చున్నానక్కా."